అమ్మా అని పిలిచే పెట్టె

మా అమ్మకు ఏ లిపీ రాదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. రెండు భాషల్లోనూ ఎదుటివాళ్ల నోరు మూయించగలదు, రెండు భాషల్లోనూ తన పేరు రాసుకోలేదు. కోవిల్‌పట్టిలో మావంటి ఇళ్లలో తెలుగుకు అక్షరాలున్నాయన్న సంగతే ఎవరికీ పట్టేది కాదు. బడిలో తమిళం చదువుకున్నాం, పనిలో నాలుగు ఇంగ్లీషు ముక్కలు పట్టుకున్నాం, తెలుగు మాత్రం పొయ్యి దగ్గరే కూర్చుండిపోయింది. ఇప్పుడు రాస్తున్న ఈ అక్షరాలు నేను ముప్పై దాటాక, విరుదునగర్‌లో ఒంటరిగా ఉన్నప్పుడు, పొద్దుపోక నేర్చుకున్నవి. పొద్దుపోని రోజులు నాకక్కడ కావలసినన్ని దొరికాయి.

మా నాయన నాకు ఊహ తెలియక ముందే పోయాడు. ఇంట్లో మిగిలింది మేమిద్దరమే. అమ్మ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో చెక్క చట్రాల్లో పుల్లలు పేర్చేది. చూపు సన్నగిల్లాక ఆ పని మానేసింది గానీ, చేతులు ఊరుకునేవి కావు. నేను బజారు వీధిలో ఒక ప్రెస్సుకు పెళ్లి పత్రికలు, చెవులు కుట్టే పత్రికలు, అమ్మవారి జాతర నోటీసులు టైపు చేసేదాన్ని. తొంభైల చివర్లో ప్రెస్సులో చోటు చాలక, యజమాని తన పాత కంప్యూటర్‌నీ ఒక ప్రింటర్‌నీ మా ముందుగదిలో పెట్టించాడు. పొద్దున నేను పని మొదలుపెట్టి ప్రెస్సుకు వెళ్లిపోతే, ప్రింటర్‌కు కాగితాలు అందించేది అమ్మ. పుల్లలు పేర్చిన చెయ్యి కదా, కాగితాలు కూడా అంచుకు అంచు కలిపి పెట్టేది. ఒక్కటి ఇరుక్కునేది కాదు.

చిక్కంతా ఆపేటప్పుడే. మా ఊళ్లో కరెంటు చుట్టంలాంటిది. ఎప్పుడొస్తుందో చెప్పదు, ఎప్పుడు పోతుందో అసలే చెప్పదు. అది పోయేలోగా కంప్యూటర్‌ను వరసలో ఆపాలి. మూలన నొక్కాలి, కాసేపు ఆగాలి, తెర మీద నారింజ రంగు అక్షరాలు వచ్చాక స్విచ్చి తియ్యాలి. అమ్మ అక్షరాలదాకా ఆగేది కాదు. తెర నల్లబడితే చాలు, టక్కున తీసేసేది. మర్నాడు పొద్దున ఆ మెషీను నీలం తెర వేసుకొని, నిన్న నన్ను సరిగా ఆపలేదంటూ తన ఒళ్లంతా తనే తడుముకుంటూ కూర్చునేది. నాకు ప్రెస్సుకు ఆలస్యం. నోటికొచ్చినట్టు అరిచేదాన్ని.

"అదీ కోప్పడతాది, నువ్వూ కోప్పడతావు. అది ఏమి సెప్తాదో నాకెట్ల తెలస్తాది తాయీ? దానికి నోరుండాదా?" అంది అమ్మ ఒకరోజు.

తాయి అంటే తల్లే. మావైపు కూతుళ్లను అలా పిలుస్తారు.

నోరు పెట్టొచ్చని నాకు అప్పుడు తోచింది. ఆ మెషీను లేచేటప్పుడు ఒక మోత, తప్పు చోట నొక్కితే ఒక మోత, ఆగేటప్పుడు ఇంకో మోత వచ్చేవి. వాటి బదులు మనకు కావలసిన చప్పుడు పెట్టుకోవచ్చని కంప్యూటర్ క్లాసులో చెప్పారు. క్యాసెట్లు రికార్డు చేసే కొట్లో మైకు అడిగి తెచ్చి, ఒక ఆదివారం మధ్యాహ్నం తలుపులు మూసి, మూడు మాటలు చెప్పాను. మెషీను లేచినప్పుడు, "అమ్మా, లేస్తిని." తప్పు చోట నొక్కితే, "అమ్మా, అది ముట్టాకు." ఆగేటప్పుడు, "అమ్మా, పొయ్యొస్తా." ఈ చివరి మాట వినపడ్డాక నారింజ రంగు అక్షరాలు వస్తాయి, అప్పుడు స్విచ్చి తియ్యి అని నేర్పాను. నేను మాట్లాడుతున్నంతసేపూ ఆమె పక్కన ఊపిరి బిగబట్టి నిలబడింది.

నువ్వూ ఒక మాట చెప్పమ్మా, పెడతాను, అన్నాను.

"నేనేంటికి? పిలిసేది నువ్వు, పలికేది నేను. నేను ఈడనే ఉంటాను గదా," అంది.

అన్నట్టే పలికింది. మెషీను లేచి "అమ్మా, లేస్తిని" అనగానే వంటింట్లోంచి "లేస్తివా, మొగం కడుక్కో" అనేది. తప్పు నొక్కినప్పుడు అది "ముట్టాకు" అంటే, "ముట్టలేదులే, సెయ్యి తగిలింది" అని సర్దుకునేది. సాయంత్రం అది "పొయ్యొస్తా" అంటే, "పోయిరా తాయీ" అని, నారింజ అక్షరాలు వచ్చేదాకా చెయ్యి స్విచ్చి మీదే పెట్టుకొని నిలబడేది. వెళ్లేవాళ్లకు జవాబు చెప్పకుండా స్విచ్చి తీస్తే అమంగళమని ఆమె లెక్క. ఆ తర్వాత నీలం తెర మళ్లీ రాలేదు.

రెండువేలు దాటాక ప్రెస్సు పని పలచబడింది. రంగుల పత్రికలన్నీ శివకాశి నుంచే రావడం మొదలైంది. ప్రెస్సు యజమాని పాత మెషీను మమ్మల్నే ఉంచుకోమన్నాడు. నాకు విరుదునగర్‌లో ఒక పప్పుల మిల్లు ఆఫీసులో బిల్లులు కొట్టే పని దొరికింది. బస్సెక్కితే సాత్తూరు మీదుగా కొంతసేపటి ప్రయాణమే, రోజూ వచ్చిపోవచ్చని చుట్టాలు సలహా చెప్పారు. లారీలు కదిలేదాకా మిల్లు ఆఫీసు మూయరని వాళ్లకేం తెలుసు? ఒక వాటా ఇంట్లో గది తీసుకున్నాను, ఆదివారాలు ఇంటికి వెళ్లేదాన్ని.

ఆ ఊళ్లో తెలుగువాళ్లు లేరని కాదు. మా ఆఫీసులోనే ఇద్దరున్నారు. కానీ గడప దాటితే మా అందరిదీ తమిళమే. ఒకరికొకరం తెలిసి కూడా తమిళంలోనే పలకరించుకునేవాళ్లం. ఫోన్‌లో అమ్మతో తప్ప, వారమంతా ఒక్క తెలుగు మాట నా నోట పడేది కాదు. పక్క గదిలో ఒక టీచరమ్మ ఉండేది, మంచిదే, తమిళావిడ. ఆమె నన్ను రోజూ తిన్నావా అని అడిగేది, నేను తిన్నాను అనేదాన్ని. అంతటితో నా సంసారపు మాటలు అయిపోయేవి.

వారం మధ్యలో ఎస్టీడీ బూత్‌నుంచి పక్కింటికి ఫోన్ చేసి అమ్మను పిలిపించేదాన్ని. ఒకసారి అంది, "ఈ పొద్దు నిన్ను మూడు మాట్లు లేపితిని."

"ఎందుకమ్మా, ఇప్పుడు దాంతో పనేమీ లేదు గదా?"

"పనుంటేనే బిడ్డను లేపేది?" అంది.

బూత్‌లో వెనక ఎవరో నిలబడి గాజు తలుపు తట్టారు. లేకపోతే నేను ఏడ్చేదాన్నే.

విరుదునగర్‌కు వచ్చెయ్యమంటే వచ్చేది కాదు. సామిని విడిచి రాకూడదనేది. మావాళ్లది నాగలాపురం దగ్గర నల్లరేగడి పల్లె. వానలు మోసం చేసి, అగ్గిపెట్టెల పనికి కోవిల్‌పట్టి చేరినప్పుడు, అమ్మవారిని కూడా తెచ్చుకున్నారు. విగ్రహాన్ని కాదు. పాత గుడి దగ్గర పిడికెడు మన్ను తీసుకొచ్చి కొత్త చోట పెడతారు, దాన్ని పిడిమన్ను అంటారు. ఆ మన్ను ఒడిలో పెట్టుకొని వచ్చింది అప్పుడు కొత్త కోడలైన మా అమ్మ. దారిలో కింద పెట్టకూడదు, వెనక్కి తిరిగి చూడకూడదు, ఎవరు పిలిచినా పలకకూడదు. ఏ తప్పూ లేకుండా తెచ్చిందట. గుడి కట్టారు, పొంగలి పెట్టారు. కానీ అమ్మవారు ఎవరి మీదికీ రాలేదు. రెండు జాతరలు అలాగే మూగగా పోయాయి. చివరికి పాత ఊళ్లో ఉరుమి అనే డోలు వాయించే ముసలాయనను బతిమాలి తీసుకొచ్చారు. ఆయన పుల్ల పెట్టి ఆ తోలు మీద ఒక్క గీత గీశాడో లేదో, మా మేనత్త పూనకంతో లేచిందట.

"మన్నుంటే సాలదు తాయీ. అది ఎరిగిన సప్పుడూ రావాల," అనేది అమ్మ కథ చివర. నేను వంద సార్లు విన్నాను, వంద సార్లూ ఊ కొట్టి పడుకున్నాను.

ఆయుధపూజకు ఆ కంప్యూటర్‌కు ఏటా విభూతి పట్టెలు, కుంకం బొట్టు పడేవి. ఒక ఏడాది పండగకు ఇంటికి వెళ్లి, పెట్టె మూత విప్పి దుమ్ము తుడుస్తున్నాను. అమ్మ లోపలికి తొంగిచూసి, నీ గొంతు ఎక్కడుందీ అని అడిగింది. నేను హార్డ్ డిస్క్ చూపించి, అన్నీ ఇందులోనే ఉన్నాయి, మిగతాదంతా వట్టి ఒళ్లే అన్నాను.

"అట్లయితే బొట్టు దీనికి పెట్టాల. ఇన్నాళ్లూ పెట్టికి పెడితిమి," అని, నేను వద్దనేలోగా గంధం తడి చేసి, డిస్కు నడినెత్తిన వేలితో అద్ది, మీద కుంకం పెట్టింది. ఎక్కడ పెట్టిందో నేను చూసుకోలేదు. తర్వాత చాలా కాలానికి వేరే మనిషి చూపిస్తే తెలిసింది.

ఆ తర్వాతి వానాకాలం అమ్మకు జ్వరం వచ్చింది. ఆసుపత్రిలో చేర్చాం. ఇంటికి తిరిగి రాలేదు. ఇంతకన్నా ఎక్కువ దాని గురించి రాయలేను.

కోవిల్‌పట్టి ఇల్లు ఖాళీ చేసి కంప్యూటర్ ఒక్కటి విరుదునగర్‌కు తెచ్చుకున్నాను. బల్ల మీద పెట్టి స్విచ్చి వేశాను. "అమ్మా, లేస్తిని," అంది అది. అది నా గొంతే. సంబరంగా, తొందరగా, పక్కనే వినేవాళ్లున్నారన్న ధీమాతో ఉన్న గొంతు. స్పీకరు తీగ లాగేశాను. కొన్నాళ్లు అలాగే ఉంచాను, తర్వాత మళ్లీ తగిలించాను, ఎందుకంటే చప్పుడు లేకపోతే ఇంకా భరించలేకపోయాను. నా నోటికి ఇక అమ్మా అని పిలిచే పని లేదు. ఎవరిని పట్టుకొని ఆ మాట అంటాను? ఆ గదిలో ఆ మాట అనేది ఆ పెట్టె ఒక్కటే. రోజూ పొద్దున పిలిపించుకునేదాన్ని, సాయంత్రం పిలిపించుకునేదాన్ని. జవాబు మాత్రం ఒక్కనాడూ చెప్పలేదు. జవాబు చెప్పేది నేను కాదు కదా.

తమిళుల ఐప్పసి నెలలో, దీపావళి నాటి వానల్లో ఒక సాయంత్రం పిడుగు దగ్గర్లోనే పడింది. పెట్టెలోంచి కాలిన వాసన వచ్చింది. స్విచ్చి వేస్తే ఉలుకూ లేదు పలుకూ లేదు.

ఆటోలో వేసుకొని కంప్యూటర్లు బాగుచేసే కొట్టుకు తీసుకెళ్లాను. అక్కడి మెకానిక్ మర్యాదగల మనిషి, నన్ను అక్కా అనేవాడు. మా మాటలన్నీ తమిళంలోనే. మూత విప్పి వాసన చూసి, బోర్డు కాలిపోయిందక్కా, దీనికి ఇప్పుడు సామాన్లు కూడా దొరకవు, కొత్తది కట్టిస్తాను, మదురై నుంచి రెండు రోజుల్లో తెప్పిస్తాను, అన్నాడు. డిస్కు ఊడదీసి చూసి, ఇది బతికే ఉన్నట్టుంది, కొత్త డిస్కులో కొత్త సిస్టమ్ వేసి మీ ఫైళ్లు అందులోకి కాపీ చేస్తాను, అన్నాడు.

"ఫైళ్లు అక్కర్లేదు. ఈ డిస్కునే కొత్త పెట్టెలో పెట్టు. దీంట్లో ఉన్న సిస్టమ్ ఉన్నట్టే లేవాలి."

"అలా లేవదక్కా. పాత బోర్డుకు అలవాటుపడిన సిస్టమ్ ఇది. కొత్త బోర్డు మీద పెడితే దేన్నీ గుర్తుపట్టదు."

"పెట్టి చూడు."

అడగందే అమ్మైనా పెట్టదంటారు. నాకు కావలసింది మూడు చప్పుళ్లని చెబితే, వాటిని వెతికి తీసి కొత్తదాంట్లో అమర్చేవాడే. నాకూ ఆ సంగతి తెలుసు. కానీ అందుకు ముందు అవేమిటో చెప్పాలి, ఎందుకో చెప్పాలి. మా అమ్మను పిలిచే గొంతు అందులో ఉంది, మా అమ్మ లేదు, అయినా అది పిలవాలి అని ఆ కొట్లో నలుగురి మధ్య నిలబడి తమిళంలో చెప్పడానికి నాకు నోరు రాలేదు. పైగా ఒక మొండి నమ్మకం. వేరే పెట్టెలో కొత్తగా అతికిస్తే అది నాటకం పిలుపవుతుంది. అమ్మ జవాబు చెప్పింది ఈ సిస్టమ్‌కు. ఇదే లేవాలి.

సామాన్లు వచ్చేదాకా డిస్కు మీ దగ్గరే ఉంచుకోండి, ఇక్కడుంటే నాది పూచీ కాదు, అన్నాడతను. డిస్కు తీసిన పెట్టెను మూల పడేశాడు, పాతసామాన్లవాడు తీసుకుపోతాడని. నేను సరేనన్నాను. వట్టి ఒళ్లే కదా అనుకున్నాను.

సామాన్లు వచ్చాయని మెకానిక్ కబురు పెట్టిన రోజు ఆఫీసుకు సెలవు పెట్టి, డిస్కును అమ్మ పాత చీర ముక్కలో చుట్టి బయల్దేరాను. మెట్లు దిగుతుంటే టీచరమ్మ వెనకనుంచి, ఈ వేళప్పుడు ఎక్కడికి అని అడిగింది. నేను తిరగలేదు, పలకలేదు. షేర్ ఆటోలో ఒడిలోనే పెట్టుకొని కూర్చున్నాను, కింద పెట్టలేదు. కంప్యూటర్ కోర్సు చదివినదాన్ని చేస్తున్న పని చూసుకుంటే నాకే నవ్వొచ్చింది. వెనక్కి మాత్రం చూడలేదు. టీచరమ్మ నొచ్చుకుందని తర్వాత తెలిసింది.

మెకానిక్ చీర ముక్క విప్పి, డిస్కును వెలుగులో పెట్టి, గంధం బొట్టు చూశాడు.

"దీని మీద బొట్టు ఎవరు పెట్టారక్కా?"

"ఎందుకు?"

"ఇక్కడ సన్నటి రంధ్రం ఒకటుంటుంది. దీన్ని మూయొద్దని పక్కనే అచ్చువేసి ఉంది. డిస్కు గాలి పీల్చేది దాంతోనే. సరిగ్గా దాని మీదే పెట్టారు."

చూశాను. ఎండి బీటలు వారిన గంధం, దాని మీద కుంకం, ఆ రెండింటిలో అమ్మ వేలి గీతలు. అంత డిస్కులో ఆమెకు నడినెత్తి అక్కడే కనపడింది. ఊపిరి సలపకుండా బొట్టు పెట్టి, నన్ను చల్లగా ఉండమని దీవించింది. మెకానిక్ గీకెయ్యడానికి బ్లేడు తీశాడు. నేను అతని చెయ్యి పట్టుకున్నాను. పరాయి మగాడి చెయ్యి అలా పట్టుకోవడం నా జన్మలో అదే మొదటిసారి. సూది ఉంటే ఇవ్వమని, రంధ్రం ఉన్నంత మేర మాత్రం నేనే పొడి రాల్చాను. మిగతా బొట్టు అలాగే ఉంది.

డిస్కు కొత్త పెట్టెలో పెట్టి తీగలు తగిలించాడు. తెర వెలిగింది. ఎంతోసేపు ఏమీ జరగలేదు. తర్వాత నాకు తెలిసిన మబ్బుల బొమ్మ వచ్చింది. పాత తెర, పాత బొమ్మలు, పాత వరస. అంతా లేచింది.

కానీ మూగగా లేచింది.

కొత్త వస్తువు కనపడింది, ఇదేమిటి, అదేమిటి అని ఒకదాని మీద ఒకటి ప్రశ్నల డబ్బాలు తెరంతా నిండాయి. మా పాత పెట్టెలో అయితే వాటికి "అమ్మా, అది ముట్టాకు" అని గోల గోల అయ్యేది. ఇప్పుడు ఒక్క చప్పుడు లేదు. మెకానిక్ ఏవేవో సీడీలు పెట్టి చూశాడు. రంగులు వచ్చాయి, మౌస్ కదిలింది. శబ్దం రాలేదు.

"చూశారా, నేను చెప్పాను కదా. ఇంత పాత సిస్టమ్‌కు ఈ బోర్డువాళ్లు శబ్దం ఇవ్వలేదు. ఫార్మాట్ చేసి కొత్తది వేస్తే అన్నీ వస్తాయి. చెయ్యనా?" చేతులు మీటల మీద పెట్టుకొని అడిగాడు.

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు గానీ, ఆ నిమిషం నా మొండితనం నాకే బరువైపోయింది. పిడిమన్ను తెచ్చాను. కింద పెట్టకుండా, వెనక్కి చూడకుండా తెచ్చాను. అమ్మవారు మూగగా కూర్చుంది. సరే, కానివ్వు అనబోయాను. మన్నుంటే సాలదు తాయీ, అనే మాట అప్పుడు మనసులోకి వచ్చింది. వంద సార్లు ఊ కొట్టి పడుకున్న మాట.

"పాత పెట్టెలో శబ్దానికి వేరే కార్డు ఉండేది కదా? స్పీకరు తీగ పెట్టేది. అది కాలిందా?"

అతను తల గోక్కున్నాడు. "చూడలేదక్కా. అది పెడితే ఈ సిస్టమ్ గుర్తుపట్టొచ్చు. పాత పరిచయమే కదా. కానీ పెట్టె పొద్దున్నే పాతసామాన్లవాడు తీసుకుపోయాడే."

ఆ పాత ఇనుము కొట్టు రైలు పట్టాల అవతల. నేను నడవలేదు, పరుగెత్తాను. ఆ వయసులో, ఆ వీధుల్లో, చీర కుచ్చిళ్లు చేత్తో పట్టుకొని. కొట్టు వెనక పాత కంప్యూటర్ పెట్టెలు గుట్టగా పడి ఉన్నాయి, అన్నీ ఒకే రంగు, ఒకే మురికి. వానకు తడుస్తున్నాయి. ఇందులో మీదేదమ్మా అని కొట్టాయన అడిగాడు. నేను ఒక్కొక్కటీ తిప్పి చూస్తున్నాను. అడుగున ఒకదాని నుదుటిమీద ఏడాది మీద ఏడాది పెట్టిన విభూతి పట్టెలు, వానకు కాస్త కారిన కుంకం. నాదిదే అన్నాను. మరలు తిప్పే సాధనం అడిగి, అక్కడే బురదలో కూర్చుని మూత విప్పాను. ఏటా దుమ్ము తుడిచినదాన్నే, కార్డు ఎక్కడుందో నాకు తెలుసు. ఒకే ఒక్క కార్డు, అరచెయ్యంత. చీర చెంగులో తుడుచుకొని తెచ్చాను.

మెకానిక్ అది కొత్త పెట్టెలో గుచ్చి, స్పీకరు తగిలించి, స్విచ్చి వేశాడు. మబ్బుల బొమ్మ వచ్చింది. ఆగింది.

"అమ్మా, లేస్తిని."

కొట్లో ఉన్నవాళ్లంతా తలెత్తారు. వెంటనే మిగిలిపోయిన ప్రశ్నల డబ్బాలు ఒకటొకటిగా తెర మీదికి వచ్చాయి. "అమ్మా, అది ముట్టాకు. అమ్మా, అది ముట్టాకు. అమ్మా, అది ముట్టాకు." మెకానిక్ చెయ్యి వెనక్కి తీసుకొని నవ్వాడు. తెలుగు రాదు అతనికి, అమ్మా అన్నది మాత్రం తెలిసింది.

"ఎవరక్కా ఇది, చిన్నమ్మాయిలా ఉంది?"

"నేనే."

"అమ్మగారు ఎక్కడుంటారు?"

"కోవిల్‌పట్టిలో," అన్నాను. అంతకు మించి చెప్పడానికి నాకు ఓపిక లేదు.

కొత్త పెట్టెను గదికి తెచ్చి, పాత బల్ల మీదే పెట్టాను. మధ్యాహ్నమంతా దాన్ని ఊరికే వేసి ఉంచాను. వాన తగ్గింది. పక్క గదిలో టీచరమ్మ బడినుంచి వచ్చి గిన్నెలు కడుక్కుంటున్న చప్పుడు. నిన్నామొన్నటివరకు ఆ చప్పుడు నాకు తోడనిపించేది, ఆ రోజు అనిపించలేదు. దీపాలు పెట్టే వేళకు ఆపుదామని మూలన నొక్కాను.

"అమ్మా, పొయ్యొస్తా."

అలవాటు కొద్దీ నారింజ అక్షరాల కోసం చూశాను. పాత పెట్టె ఆ అక్షరాలు వేసుకొని ఎంతసేపైనా ఎదురుచూసేది. అమ్మ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, జవాబు చెప్పి, స్విచ్చి తీసేదాకా. కొత్తది అలా కాదు, తనంతట తనే ఆరిపోయే రకమని మెకానిక్ గొప్పగా చెప్పాడు. పిలుపు అయిపోయింది. తెర నల్లబడుతోంది. లోపల చక్రం తిరగడం నెమ్మదిస్తోంది. ఇంకొక్క క్షణంలో అది జవాబు లేకుండానే వెళ్లిపోతుంది. అమ్మ అన్నేళ్లలోనూ ఒక్కసారి కూడా అలా పోనివ్వలేదు.

"పోయిరా తాయీ," అన్నాను.

గట్టిగానే అన్నాను. వంటింట్లోంచి ముందుగదికి వినపడేంత గట్టిగా. అచ్చం ఆమె అన్నట్టే వచ్చింది, చివర కొంచెం సాగదీస్తూ. పెట్టె ఆరిపోయింది. ఆ గదిలో నేను నోరు తెరిచి తెలుగు మాట్లాడటం అదే మొదటిసారి.

టీచరమ్మ తడి చేతులతో తలుపు దగ్గరకు వచ్చింది. లోపలికి చూసి, ఎవరో వచ్చినట్టున్నారే, మీ ఇంటివాళ్లా, అని అడిగింది.

ఎవరూ రాలేదండీ, అన్నాను తమిళంలో.